కాలిఫోర్నియాలో యూజ్డ్ కార్ డీలర్ లైసెన్స్ వదిలేస్తున్నాం, ష్యూరిటీ బాండ్ ఎలా క్యాన్సిల్ చేయించాలి?

మీరు అడిగింది ఇదీ: మీ ఆవిడ పేరు మీద శాన్ హోసే దగ్గర యూజ్డ్ కార్ల డీలర్ లైసెన్స్ తీసుకున్నారు, కొన్నాళ్ళు నడిపి ఆపేశారు. ఇప్పుడు బాండ్ కంపెనీ మళ్ళీ ఏడాది ప్రీమియం కట్టమని ఇన్‌వాయిస్ పంపింది. కట్టకుండా ఊరుకుంటే బాండ్ దానంతటదే పోతుందా? ఆ 50,000 డాలర్లలో మనకి ఏమైనా వెనక్కి వస్తుందా?

రెండోదానికి ముందు చెప్తాను. ఏమీ రాదండీ. ఆ 50,000 మీరు కట్టిన డబ్బు కాదు, మీ తరఫున ష్యూరిటీ కంపెనీ (బాండ్ ఇచ్చిన కంపెనీ) డీఎంవీకి, అంటే రాష్ట్ర వాహనాల శాఖకి ఇచ్చిన హామీ మొత్తం. మీరు కట్టింది మీ క్రెడిట్ స్కోర్ చూసి వాళ్ళు వేసిన ప్రీమియం మాత్రమే. చాలామంది దీన్ని ఇన్సూరెన్స్ అనుకుంటారు. కానీ ఊళ్ళో మన అప్పుకి ఒక పెద్దమనిషి హామీ సంతకం పెడితే ఎలాగో ఇదీ అంతే: ఆయన కట్టాల్సి వచ్చిన రోజున ఊరుకోడు, మన ఇంటికొచ్చి వసూలు చేసుకుంటాడు. బాండ్ తీసుకున్నప్పుడు మీతో ఇండెమ్నిటీ అగ్రిమెంట్ (కంపెనీ కట్టింది మనం తిరిగి ఇస్తామనే ఒప్పందం) అని ఒకటి సంతకం చేయించి ఉంటారు, తీసి చూడండి. మేము డీలర్‌షిప్ నడిపినప్పుడు మా భార్యల చేత కూడా పెట్టించారు. ఎల్ఎల్‌సీ (సొంత ఆస్తికి వ్యాపారం అప్పులు అంటకుండా పెట్టుకునే కంపెనీ) పెట్టుకున్నాం కదా, ఇంటి దాకా రాదులే అని అక్కడ ధీమాగా ఉండటానికి లేదు.

ఇక మొదటి ప్రశ్న. కాలిఫోర్నియా డీలర్ బాండ్ ఏడాది అయిపోగానే ముగిసిపోయేది కాదు. ఎవరో ఒకరు క్యాన్సిల్ చేసేదాకా నడుస్తూనే ఉంటుంది. అందుకే వ్యాపారం ఆపేసినా ఇన్‌వాయిస్ వస్తుంది. దాన్ని పక్కన పడేస్తే ఏదో ఒక రోజు కంపెనీయే డీఎంవీకి క్యాన్సిలేషన్ నోటీసు పంపిస్తుంది, నోటీసు ఇచ్చాక 30 రోజులకి బాండ్ ఆగిపోతుంది. బాండ్ లేని లైసెన్స్ ఆటోమేటిక్‌గా సస్పెండ్ అవుతుంది. మూసేసిన షాపే కదా, సస్పెండ్ అయితే ఏంటి అనిపిస్తుంది. కానీ మనంతట మనం అప్పగించిన లైసెన్స్ వేరు, సస్పెండ్ అయిన లైసెన్స్ వేరు. రేపు మీ ఆవిడ మళ్ళీ డీలర్‌గానో సేల్స్‌పర్సన్‌గానో అప్లై చేస్తే పాత సస్పెన్షన్ల గురించి అడుగుతారు. దానికి తోడు కట్టని ప్రీమియం కలెక్షన్స్‌కి (బాకీలు వసూలు చేసే ఏజెన్సీలకి) వెళ్ళిందంటే అదో టెన్షన్.

నేనూ నా స్నేహితుడూ శాక్రమెంటో వైపు చిన్న లాట్ (యూజ్డ్ కార్లు పెట్టి అమ్మే స్థలం) ఒకటి నడిపి మూసేశాం. మూసేటప్పుడు మాకు బాగా తెలిసొచ్చింది ఏమిటంటే, బాండ్ క్యాన్సిల్ చేయించడం ఆఖరి పని. దాని ముందు పనులు పూర్తయితే ఇది ఒక ఈమెయిల్‌తో తేలిపోతుంది.

అన్నిటికన్నా ముందు, ఆఖర్న అమ్మిన కార్ల కాగితాలు చూసుకోండి. బాండ్ మీద క్లెయిమ్‌లు (నష్టపోయినవాళ్ళు డబ్బు అడగడం) ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి: కొన్నవాడికి టైటిల్ (కారు యాజమాన్య పత్రం) అందకపోవడం, రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేసి డీఎంవీకి కట్టకపోవడం, ట్రేడ్-ఇన్‌గా (కొనేవాడు బదులిచ్చే పాత కారుగా) తీసుకున్న కారు మీద లోన్ తీర్చకపోవడం. యూజ్డ్ కారు అమ్మిన 30 రోజుల్లోపు ఫీజులు, కాగితాలు డీఎంవీకి చేరాలి. 2021 జనవరి 1 నుంచి యూజ్డ్ డీలర్లు సేల్స్ ట్యాక్స్ కూడా డీఎంవీకే కడుతున్నారు కాబట్టి అదీ అందులో భాగమే. ట్రేడ్-ఇన్ మీద లోన్ ఉంటే 21 రోజుల్లో తీర్చాలి. మేము ఆఖరున అమ్మిన కరోలాకి బదులుగా ఒకాయన దగ్గర పాత సివిక్ తీసుకున్నాం. దాని మీద ఒక క్రెడిట్ యూనియన్‌కి బాకీ ఉంది. పేఆఫ్ లెటర్‌లో (లోన్ తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే లెటర్‌లో) ఉన్న మొత్తానికే చెక్కు పంపాం. అది వాళ్ళకి చేరేసరికి నాలుగు రోజుల వడ్డీ పెరిగి, పదిహేను డాలర్ల లోపు బాకీ మిగిలిపోయింది. ఆ చిల్లర కోసం టైటిల్ ఆపేశారు. నా స్నేహితుడు స్వయంగా బ్రాంచ్‌కి వెళ్ళి కౌంటర్ దగ్గర కట్టి, లోన్ క్లియర్ అయినట్టు కాగితం చేత్తో పట్టుకొచ్చాడు. అంత చిన్న మొత్తం మీద కూడా ఫిర్యాదు రావొచ్చు, అప్పుడు బాండ్ కథ మళ్ళీ మొదలవుతుంది.

తర్వాత డీఎంవీ వాళ్ళ ఆక్యుపేషనల్ లైసెన్సింగ్ విభాగం. మామూలు ఫీల్డ్ ఆఫీసులో లైన్‌లో నిలబడితే పని కాదు, మీ ఏరియా చూసే ఇన్‌స్పెక్టర్‌ని పట్టుకోవాలి. వ్యాపారం ఆపేస్తున్నామని రాతపూర్వకంగా చెప్పి, లైసెన్స్, డీలర్ ప్లేట్లు, వాడకుండా మిగిలిన రిపోర్ట్ ఆఫ్ సేల్ ఫారాలు (కారు అమ్మామని డీఎంవీకి తెలిపేవి) అప్పగించాలి. ప్లేట్లు ముందే లెక్కపెట్టుకోండి. మా వాటిలో ఒకటి కనబడక లాట్ అంతా వెతికాం. చివరికి పాత షెడ్‌లో అయస్కాంతం హోల్డర్‌తో సహా ఫైల్ క్యాబినెట్ వెనక వైపుకి అతుక్కుని దొరికింది. దొరక్కపోతే పోలీసులకి రిపోర్ట్ ఇచ్చుకోవాల్సి వచ్చేది. అప్పగించినట్టు రసీదో, కనీసం ఈమెయిల్‌లో ఒక మాటో తీసుకోండి. తర్వాత అవసరమయ్యే కాగితం అదే.

ఆ కాగితం చేతికొచ్చాక బాండ్ ఏజెంట్‌కి రాయండి. బాండ్‌ని మనం నేరుగా డీఎంవీ దగ్గర రద్దు చేయలేం, ష్యూరిటీ కంపెనీయే నోటీసు ఇవ్వాలి. ఈమెయిల్‌లో బాండ్ నంబర్, డీలర్ నంబర్, బాండ్ మీద ఉన్నట్టే వ్యాపారం పేరు, ఏ తేదీ నుంచి వద్దనుకుంటున్నారో రాసి, లైసెన్స్ ఎవరి పేరున ఉందో వాళ్ళ సంతకంతో లెటర్ జతచేయాలి. మీ విషయంలో మీ ఆవిడ సంతకం కావాలి, మీది పనికిరాదు. ఫోన్‌లో చెప్తే సరిపోతుందని ఏజెంట్ అన్నా వినకండి. మా ఏజెన్సీ వాళ్ళు అలాగే అన్నారు, ఆ తర్వాత నెలలో మళ్ళీ ఇన్‌వాయిస్ వచ్చింది. వాళ్ళు డీఎంవీకి పంపిన క్యాన్సిలేషన్ నోటీసు కాపీ మీకూ పంపమని అడగండి, ఆ కాపీ వస్తేనే పని అయినట్టు. 30 రోజుల లెక్క నోటీసు ఇచ్చిన రోజు నుంచి. మీరు ఈమెయిల్ కొట్టిన రోజు దానికి లెక్కలోకి రాదు.

ప్రీమియం వెనక్కి వస్తుందా అంటే, అది మీ అగ్రిమెంట్‌ని బట్టి ఉంటుంది. కొందరు మిగిలిన నెలలకి లెక్కకట్టి ఇస్తారు, కొందరు ఏడాది మొదలైతే మొత్తం మాదే అంటారు.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, బాండ్ క్యాన్సిల్ అయితే ఆ తర్వాత జరిగేవాటికే దాని బాధ్యత తప్పుతుంది. అది నడిచినన్నాళ్ళు అమ్మిన కార్ల మీద వచ్చే క్లెయిమ్‌లకి బాధ్యత అలాగే ఉంటుంది. బాండ్ బదులు డీఎంవీ దగ్గర డబ్బు డిపాజిట్ చేసిన డీలర్లకి, వ్యాపారం ఆపిన మూడేళ్ళ తర్వాతే, అదీ క్లెయిమ్‌లు ఏవీ పెండింగ్‌లో లేవని తేలాకే దాన్ని తిరిగివ్వడానికి చట్టం వీలు కల్పించింది. అది చూస్తే ఈ బాధ్యత తోక ఎంత పొడుగో తెలుస్తుంది. అందుకే డీల్ ఫైళ్ళు ఏవీ పారేయకండి. సేల్స్ ట్యాక్స్ రికార్డులు ఎలాగూ కనీసం నాలుగేళ్ళు ఉంచాలి.

మీరు రాసిందాన్ని బట్టి మీది రిటైల్ లైసెన్స్. ఏడాదికి 25 కార్ల లోపు అమ్మే హోల్‌సేల్ డీలర్లకి బాండ్ 10,000 డాలర్లే, కానీ క్యాన్సిల్ చేయించే పద్ధతి ఇదే. ఒకవేళ మూసేయకుండా వేరే కంపెనీ తక్కువ ప్రీమియం ఇస్తోందని మారుతుంటే మాత్రం వరస తిరగబడుతుంది: కొత్త బాండ్ డీఎంవీకి చేరి అమల్లోకి వచ్చాకే పాతదాన్ని ఆపమనాలి. మధ్యలో ఒక్కరోజు ఖాళీ వచ్చినా సస్పెన్షనే. వ్యాపారాన్ని ఇంకొకరికి అమ్మేస్తుంటే మీ బాండ్ వాళ్ళకి బదిలీ కాదు, వాళ్ళది వాళ్ళు తెచ్చుకోవాల్సిందే.

సీడీటీఎఫ్ఏ (రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ శాఖ) దగ్గర సెల్లర్స్ పర్మిట్ మూసేయడం, గరాజ్ ఇన్సూరెన్స్ (డీలర్ వ్యాపారానికి తీసుకునేది) ఆపడం, సిటీ లైసెన్స్, ఇవన్నీ వేరువేరు పనులు, బాండ్‌తో పాటు ఇవి పోవు. ఎల్ఎల్‌సీని సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర రద్దు చేయకపోతే ఒక్క కారు అమ్మకపోయినా ఏడాదికి 800 డాలర్ల ట్యాక్స్ పడుతూనే ఉంటుంది. బాండ్ ప్రీమియం గురించి ఇంత కంగారు పడేవాళ్ళు దీన్ని మర్చిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు చేతిలో ఉన్న ఇన్‌వాయిస్ మీద గడువు తేదీ చూడండి. ఆలోగా ప్లేట్లు అప్పగించే పని తేలేలా ఉంటే, వ్యాపారం మూసేస్తున్నామని, క్యాన్సిలేషన్ లెటర్ పంపిస్తున్నామని ఏజెంట్‌కి ఈరోజే ఈమెయిల్ పెట్టి, కట్టాల్సింది ఏమైనా ఉంటే గడిచిన రోజులకి లెక్కకట్టమని అడగండి. తేలేలా లేకపోతే నెలవారీగా కట్టే వీలుందేమో కనుక్కోండి.