బ్యాలెట్ విప్పి చెప్పే తెలుగు

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

మీ లాస్ ఏంజిలిస్‌లోని తెలుగు పెద్దలచేత ఈసారి ఓటు వేయించాలని ఉందనీ, నీకొచ్చిన తెలుగు అందుకు చాలదేమోననీ రాశావు. చాలుతుంది. ఉగాది వేదిక మీద పద్యం అప్పజెప్పే తెలుగు వేరు, అమ్మమ్మ వయసువారికి బ్యాలెట్ విప్పి చెప్పే తెలుగు వేరు. రెండోదానిలో ఒత్తులు తప్పినా నష్టం లేదు, విషయం తప్పితేనే చేటు.

ముందు పౌరసత్వం సంగతి చూడు. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు మీదే ఉంటూ, ఇంగ్లీషు పరీక్షకు జంకి దరఖాస్తు పెట్టని పెద్దలు మనలో ఉన్నారు. 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు ఉన్నవారికి, 55 నిండి 15 ఏళ్లు ఉన్నవారికి ఆ పరీక్ష ఉండదు. చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు దుబాసీ ద్వారా తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. 65 నిండి 20 ఏళ్లు ఉన్నవారు చదవవలసినవి 20 ప్రశ్నలే. అడిగే పదింటిలో ఆరు చెబితే గట్టెక్కినట్టే. వాటిని పక్కన కూర్చుని వల్లె వేయించడానికి నీ తెలుగు బాగా సరిపోతుంది.

ఇక ఓటు. కాలిఫోర్నియాలో నమోదైన ఓటర్లకు బ్యాలెట్ ఇంటికే వస్తుంది కాబట్టి అసలు పని భోజనాల బల్ల దగ్గరే జరుగుతుంది. మీ కౌంటీ ఎన్నికల సమాచారాన్ని తెలుగులోనూ ఇస్తుంది, అడిగి తెప్పించు. అయినా ప్రతిపాదనల దగ్గర, అంటే ఏదైనా చట్టం ఉండాలా వద్దా అని నేరుగా ఓటర్లనే అడిగే ప్రశ్నల దగ్గర, చదువుకున్నవారే తడబడతారు. 2022లో 31వ ప్రతిపాదన వచ్చింది. సువాసనలు కలిపిన పొగాకు సరుకుల అమ్మకాన్ని నిషేధిస్తూ శాసనసభ చేసిన చట్టాన్ని పొగాకు కంపెనీలు ప్రజల ముందుకు తెచ్చాయి; అక్కడ ‘అవును’ అంటే నిషేధం ఉండాలని, ‘కాదు’ అంటే పోవాలని. కంపెనీల వాళ్లు అడిగారు కదా, నిషేధం కావాలంటే ‘కాదు’ అనాలి కాబోలు అని ఎవరికైనా తోస్తుంది. అందుకే పేరా మొత్తాన్ని అనువదించే శ్రమ పెట్టుకోకుండా, ‘ఇది గెలిస్తే ఏం మారుతుంది, ఓడితే ఏం మిగులుతుంది’ అనే రెండు ముక్కలు చెప్పు. ఎవరికి వేయాలో మాత్రం చెప్పకు. వాళ్లే అడుగుతారు, ‘నువ్వే చెప్పవే తల్లీ’ అని బతిమాలతారు కూడా, అప్పుడూ చెప్పకు.

పోలింగ్ కేంద్రానికే వెళ్తామనే వారి వెంట నీవు లోపలికి వెళ్లవచ్చు. ఓటు హక్కుల చట్టంలో 1982లో చేరిన 208వ సెక్షన్ ప్రకారం, చదవలేని, రాయలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయానికి తెచ్చుకోవచ్చు. యజమాని, యజమాని తరఫువాడు, యూనియన్ ప్రతినిధి మాత్రం పనికిరారు.

ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. సెన్సస్ బ్యూరో ఏటా కొన్ని ఇళ్లకు పంపే సర్వేలో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇంగ్లీషు ఎంత బాగా వచ్చు అని అడుగుతారు. ఏ కౌంటీ ఏ సమాజానికి సొంత భాషలో ఎన్నికల సాయం అందించాలో అయిదేళ్లకోసారి తేల్చేది ఆ జవాబులను బట్టే. 2011లో న్యూయార్క్‌లోని క్వీన్స్ కౌంటీలో బెంగాలీకి, షికాగో ఉన్న కుక్ కౌంటీలో హిందీకి దారి పడింది అలాంటి లెక్కలతోనే. మనవాళ్లేమో పరువుకు పోయి, గుమ్మం దాటితే నోరు విప్పని తల్లికి కూడా ‘చాలా బాగా వచ్చు’ అని టిక్కు పెట్టేస్తారు. కొడుకు ఇంజనీరైతే తల్లికి ఇంగ్లీషు రాదని కాగితం మీద ఒప్పుకోవడం నామోషీ మరి! ఆ ఫారం ఎవరింటికైనా వచ్చిందని తెలిస్తే, ఉన్నది ఉన్నట్టు రాయించు.

నీకు పదిహేడు నిండాయి. ఓటు ఇంకా రాకపోయినా ముందస్తు నమోదుకు అర్హత ఉంది. మీ రాష్ట్రంలో పదహారు నిండిన హైస్కూలు విద్యార్థులు, మార్కుల సగటు నాలుగుకు 2.5 ఉంటే, బడి అనుమతితో పోలింగ్ కేంద్రంలో పనిచేయవచ్చు. కౌంటీ ఎన్నికల కార్యాలయానికి ఈ వారమే దరఖాస్తు పంపి, నీకు తెలుగు వచ్చని అందులో తప్పక పేర్కొను.

ఇట్లు,
మీ తాతయ్య