ఒక రివాల్వర్, రెండు సిలిండర్లు: కొనేముందు తెలియాల్సినవి

సందేహం: అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను. పాత కౌబాయ్ తుపాకీలాంటి రివాల్వర్‌కి రెండు సిలిండర్లు (తూటాలు పెట్టే, తిరిగే గుండ్రటి భాగాలు) ఇస్తారట. కొనుక్కోవచ్చా? వాడేటప్పుడు ఏం చూసుకోవాలి?

తుపాకీ సంగతి తర్వాత, ముందు వీసా సంగతి. హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4, బి-2 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడమే కాదు, కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అద్దెకి తీసుకుని చేత్తో పట్టుకున్నా అది 'పొజెషనే'. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. దానికితోడు దేశం నుంచి పంపించే ప్రమాదమూ ఉంది. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే చట్టంలోనే మినహాయింపు ఉంది. కానీ దాన్ని నమ్ముకుని ముందడుగు వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయింది కదా, ఈఏడీ (పని అనుమతి కార్డ్) చేతికొచ్చింది కదా అని లెక్కలు వేసుకోవద్దు. గ్రీన్ కార్డ్ వచ్చాక కొనడమే నిక్కమైన దారి.

గ్రీన్ కార్డ్ ఉన్న స్నేహితుడితో కొనిపించుకుందామా అంటే అది స్ట్రా పర్చేజ్ (ఒకరి కోసం ఇంకొకరు తన పేరు మీద కొనడం), ఇద్దరూ ఇరుక్కుంటారు.

కార్డ్ ఉన్నవాళ్ల సంగతి. డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనడానికి 21 ఏళ్లు నిండాలి, ఫారం 4473 (తుపాకీ కొనుగోలుకి ఫెడరల్ ఫారం) నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. ఫారంలో మీ ఏలియన్ నంబరు (గ్రీన్ కార్డ్ మీదుండేది) అడుగుతారు కాబట్టి కార్డ్ వెంట ఉండాలి. మీరు ఉంటున్న రాష్ట్రంలోని డీలర్ చేతుల మీదుగానే హ్యాండ్‌గన్ రావాలి. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ ఫారం దాన్ని ఒప్పుకోదు. న్యూజెర్సీలో ఒక్కో హ్యాండ్‌గన్‌కి ఒక్కో పర్మిట్ కావాలి, ఇల్లినాయిలో ఫోయిడ్ కార్డ్ (తుపాకీ ఉంచుకునేవాళ్లకి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డ్) కావాలి, కాలిఫోర్నియాలో 10 రోజులు ఆగాలి. టెక్సస్‌లో కొనుగోలుకి రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు.

ఇక వస్తువు సంగతి. సింగిల్ యాక్షన్ అంటే ప్రతి తూటాకీ హ్యామర్‌ని (తుపాకీ వెనక ఉండే సుత్తిని) బొటనవేలితో వెనక్కి లాగాలి, ట్రిగ్గర్ దాన్ని వదిలేస్తుందంతే. ఈ తరహాకి మూలపురుషుడు 1873 నాటి కోల్ట్. రెండు సిలిండర్లతో వచ్చే వాటిల్లో ఎక్కువగా కనిపించేది రూగర్ సింగిల్ సిక్స్: ఒక సిలిండర్ .22 లాంగ్ రైఫిల్‌కి, రెండోది .22 మ్యాగ్నమ్‌కి. చవకలో కావాలంటే హెరిటేజ్ రఫ్ రైడర్ ఉంది, రూగర్ ధరలో సగం కూడా ఉండదు. పెద్ద తూటాలు కావాలంటే రూగర్ బ్లాక్‌హాక్: .357 మ్యాగ్నమ్‌తో 9 ఎంఎం, లేదా .45 కోల్ట్‌తో .45 ఏసీపీ. మొదటిసారి కొనేవాళ్లకి .22 జతే మంచిది. తూటా చవక, తన్ను దాదాపు ఉండదు, పొరపాట్లన్నీ తక్కువ ఖర్చులో నేర్చుకోవచ్చు.

అసలు ఆపద ఎక్కడంటే, లాంగ్ రైఫిల్ తూటా మ్యాగ్నమ్ సిలిండర్‌లోకి హాయిగా జారిపోతుంది. లాంగ్ రైఫిల్ డొల్ల (తూటాలోని ఇత్తడి గొట్టం) వ్యాసం సుమారు 0.226 అంగుళం, మ్యాగ్నమ్‌ది 0.242. ఆ వదులు గదిలో (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రంలో) పేలితే పల్చటి ఇత్తడి ఉబ్బి చీలుతుంది, వేడి గ్యాస్ వెనక్కి తన్నుతుంది, కళ్లద్దాలు లేకపోతే చెప్పనక్కర్లేదు. మ్యాగ్నమ్ తూటా లాంగ్ రైఫిల్ సిలిండర్‌లో దూరదు కాబట్టి అటు పొరపాటు జరగదు. అందుకే ఒక పూట ఒక్క రకం తూటానే రేంజ్‌కి తీసుకెళ్లండి. రెండూ తీసుకెళ్లక తప్పకపోతే, వాడని సిలిండరూ దాని తూటాలూ కలిపి ఒకే సంచిలో మూసి ఉంచండి. సిలిండర్ మీద రాసి ఉన్న పేరు చదివాకే లోడ్ చేయండి. రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి.

సిలిండర్ మార్చేటప్పుడు, 1973 తర్వాతి 'న్యూ మోడల్' రూగర్‌లో హ్యామర్ కిందికి దింపి ఉంచి, కుడివైపు లోడింగ్ గేట్ (తూటాలు పెట్టే చిన్న తలుపు) తెరవాలి. సిలిండర్ తిప్పుతూ ఆరు గదులూ కళ్లతో చూసి, వేలితోనూ తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. బ్యారెల్ కింద ఫ్రేమ్ పక్కనున్న చిన్న గొళ్లేన్ని నొక్కి బేస్ పిన్‌ని (సిలిండర్ తిరిగే ఇరుసుని) ముందుకు లాగితే సిలిండర్ కుడివైపు నుంచి దొర్లి చేతిలోకి వస్తుంది. కొత్తదాన్ని అదే దారిన పెట్టి, పిన్ వెనక్కి తోసి, గొళ్లెం టక్కున పడేదాకా నొక్కాలి. పిన్ పూర్తిగా కూర్చోకపోతే హ్యామర్ సరిగా లేవదు, లేదా కాలుస్తుండగా పిన్ ముందుకు జారి సిలిండర్ వాలిపోతుంది. బలం పెట్టి హ్యామర్ లాగకండి, తీసి మళ్లీ పెట్టండి. కోల్ట్ తరహా వాటిల్లో, హెరిటేజ్‌లో సిలిండర్ తిరగాలంటే హ్యామర్ హాఫ్ కాక్‌లో (సగం వెనక్కి లాగిన స్థితిలో) ఉండాలి.

మార్చాక ఖాళీగానే ఒక చుట్టు తనిఖీ చేయాలి. హ్యామర్ నెమ్మదిగా లాగుతూ ఆరు గదుల్లోనూ సిలిండర్ బిగుసుకుంటోందా అని చూడండి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులతో) కొలిస్తే 0.004 నుంచి 0.008 అంగుళం మధ్య ఉంటే హాయి. మరీ ఇరుకైతే నాలుగు రౌండ్లు కాల్చేసరికి మసి పట్టి తిరగడం మానేస్తుంది. మరీ ఎక్కువైతే సీసం తుంపర్లు పక్కవాడి మీద పడతాయి. సందు సరిగ్గా ఉన్నా అక్కడినుంచి గ్యాస్ చిమ్ముతుంది, ఎడమచేతి వేళ్లు సిలిండర్ ముందుకి రాకూడదు.

ఈ కారణం చేతే విడిగా అమ్మే పాత సిలిండర్ కొని తగిలించడం మంచిది కాదు. చట్టం లెక్కలో అది తుపాకీ కాదు, విడిభాగం, ఎవరైనా అమ్ముతారు. కానీ ఒక ఫ్రేమ్‌కి సరిపోయింది మరో ఫ్రేమ్‌కి సరిగ్గా కూర్చుంటుందని నమ్మకం లేదు. గది బ్యారెల్‌తో ఒక వెంట్రుకవాసి పక్కకి నిలిచినా గుండు అంచు గీసుకుపోతుంది. గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాడు) చూడకుండా కాల్చకండి. సెకండ్ హ్యాండ్ జత కొంటుంటే రెండో సిలిండర్ మీద తుపాకీ సీరియల్ నంబరు చివరి అంకెలు ఉన్నాయేమో చూడండి.

1973కి ముందరి రూగర్, లేదా కోల్ట్ నమూనా అయితే ఆరూ నింపకూడదు. ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే మొన) తూటా మీదే ఆని ఉంటుంది, కింద పడితే పేలుతుంది. ఒకటి నింపి, ఒకటి వదిలి, నాలుగు నింపి, హ్యామర్ లాగి ఖాళీ గది మీద దించాలి. న్యూ మోడల్‌లో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బని పిన్‌కి చేర్చే కడ్డీ) ఉంది కాబట్టి ఆ భయం లేదు.

లోడ్ చేసేటప్పుడు బ్యారెల్ మూతి కిందికి, డొల్లలు తీసేటప్పుడు పైకి, రెండుసార్లూ రేంజ్ వైపే. న్యూ మోడల్‌లో ఒక చిరాకు ఉంది: క్లిక్ వినిపించేసరికి గది ఎజెక్టర్ రాడ్‌ని (డొల్లని బయటికి తోసే కడ్డీని) కొంచెం దాటిపోయి ఉంటుంది, వెనక్కి తిరగదు, మళ్లీ చుట్టు తిప్పుకోవాలి. క్లిక్‌కి కాస్త ముందే ఆపడం అలవాటైతే పోతుంది. కొట్టినా పేలని తూటాకి 30 సెకన్లు మూతి టార్గెట్ వైపే ఉంచి ఆగండి. శబ్దం మామూలుకన్నా నీరసంగా వస్తే అక్కడితో ఆపేయండి, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. మ్యాగ్నమ్ చప్పుడు .22యే కదా అని చిన్నచూపు చూడొద్దు, చెవులకి ప్లగ్గులూ పైన మఫ్‌లూ రెండూ పెట్టండి.

సిలిండర్ మారితే గుండు పడే చోటూ మారుతుంది. 15 గజాల దగ్గర ఏ తూటాకి గురి చూసే సైట్ ఎన్ని క్లిక్కులు తిప్పాలో కాగితం మీద రాసి పెట్టెలో ఉంచుకోండి. .357 సిలిండర్‌లో .38 స్పెషల్ కూడా కాల్చవచ్చు. పొట్టి డొల్ల ముందు గదిలో మసి ఉంగరంలా పేరుకుంటుంది, తర్వాత .357 తూటా సగంలో ఆగిపోతుంది. బ్రష్‌తో తోమితే సరి. .22 లాంగ్ రైఫిల్ గదుల్లోనూ మైనం, సీసం ఇలాగే పడతాయి.

ఇంట్లో దాచేటప్పుడు సిలిండర్ తీసేసి, ఆ ఖాళీ కిటికీలోంచి కేబుల్ తాళం దూర్చేయండి, తర్వాత సేఫ్‌లో పెట్టండి. సేఫ్ తాళం హెచ్-4 మీదున్న భార్యకో భర్తకో, బి-2 మీద వచ్చిన అమ్మానాన్నలకో అందకూడదు. అందుబాటులో ఉండటం కూడా వాళ్ల మీద పొజెషన్ కింద పడే వీలుంది. రేంజ్ సంచి ఎప్పుడూ రేంజ్‌కే. ఆ సంచితో హైదరాబాద్ విమానం ఎక్కితే, అడుగున దొర్లుతున్న ఒక్క .22 తూటా చాలు, శంషాబాద్‌లో ఆయుధ చట్టం కింద కేసు కట్టడానికి.