నన్ను ఇష్టపడుతున్న మంచి మనిషికి, పెళ్లికి నేను పనికిరానని నొప్పించకుండా ఎలా చెప్పాలి?

ఎదురుగా కూర్చుని, నిజం చెప్పండి. "మా ఇంట్లో ఒప్పుకోరు" అనే సాకు మాత్రం వద్దు. అలా అంటే అతను మీ అమ్మానాన్నల్ని ఒప్పించే పనిలో పడతాడు.

నాకిది బెంగళూరులో ఎదురైంది. అతనిది కర్నూలు వైపు, మా ఆఫీసే. నాకు డెంగీ వచ్చి పీజీలో పడి ఉంటే, మారతహళ్లిలోని ఆంధ్రా మెస్ నుంచి రోజూ రసం, అన్నం తెచ్చిచ్చిన మనిషి. ఒక ఆదివారం లాల్‌బాగ్‌కి రమ్మన్నాడు. కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద కూర్చున్నాం. ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్లట అంటూ ఏదేదో మాట్లాడాడు, పాపం టెన్షన్. చివరికి, "మీకు అభ్యంతరం లేకపోతే ఉగాదికి మా అమ్మని మీ ఇంటికి పంపిస్తాను" అన్నాడు.

"మీరంటే నాకు చాలా గౌరవం. కానీ పెళ్లి అనుకుంటే నాకు సంతోషం రావట్లేదు, భయమేస్తోంది. ఒక్కదాన్నే ఉన్నప్పుడే నా మనసు కుదురుగా ఉంటుంది" అన్నాను.

"మనసు మారొచ్చు కదా, నేను ఆగుతాను" అన్నాడు. సరిగ్గా ఇక్కడే చాలామంది జాలిపడి "చూద్దాం" అంటారు. ఆ ఒక్క మాటతో అవతలి మనిషి ఏళ్లకేళ్లు ఎదురుచూస్తాడు. "ఆగొద్దండీ" అన్నాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది, మాట మాత్రం మార్చలేదు. ఆఫీసులో మామూలుగా మాట్లాడుకోవచ్చా అని అడిగితే, "కొన్నాళ్లు వద్దు, మీకే కష్టం" అని చెప్పాను.

ఇక "పనికిరాను" అన్నారే, అది మీ మాట కాదు, చుట్టూ ఉన్నవాళ్లు మీ నోట పెట్టింది. ఈ ఊళ్లో ఇల్లు అద్దెకి అడిగితే ముందు "ఫ్యామిలీయా?" అంటారు. ఊరికెళ్తే, పెళ్లయ్యాక అన్నీ సర్దుకుంటాయంటుంది పెద్దమ్మ. బలవంతంగానో మోసంతోనో ఒప్పించి చేసిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకెళ్లే హక్కు 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనే ఉంది. చట్టం అంత విలువిచ్చిన ఇష్టాన్ని మన ఇళ్లల్లో ఎవరూ అడగరెందుకు? పెళ్లి వద్దనిపించడం లోపం కాదు. అతనికి చెప్పేటప్పుడు కూడా మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి. చేసుకుంటే అతను మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతాడు, అసలు విషయం పక్కకి పోతుంది.

వాట్సాప్‌లో చెప్పొద్దు. కిక్కిరిసిన కాఫీ షాపులోనూ వద్దు, అతనికి ఏడుపొస్తే కాసేపు పక్కకెళ్లి కూర్చునే చోటుండాలి.