పొలం ఓరలు కోయకుండా వదిలిన చోటు

ప్రశ్న: మేము మల్కాజిగిరిలో ఉంటాము. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా వారు రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. నెల ఖర్చులు, పిల్లల చదువులు, రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన, అన్నీ ముందుగా రాసుకొని నడుపుతాను. ఆయన వచ్చేసరికి చాలా రోజులు తొమ్మిది దాటుతుంది. అప్పటికి ప్రార్థన ముగిసి ఉంటుంది, ఆయన ఒక్కరే భోజనం చేస్తారు. అమ్మాయి ఇంటర్ ఫీజుకు దాచిన 40,000 రూపాయలను, మా సంఘస్థులలో ఒకరి ఆపరేషన్ కోసం నాతో ఒక్క మాట చెప్పకుండా ఇచ్చేశారు. అడిగితే “రేపటిని గూర్చి చింతింపకుడి” అని వాక్యం చెప్పి, ప్రణాళికలు వేసుకోవడమే అవిశ్వాసమన్నారు. నా విశ్వాసంలోనే లోపముందా?

జవాబు: సహోదరీ, ముందుగా రాసుకొని ఇల్లు నడపడం అవిశ్వాసం కాదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలోని ఆ మాటకు మూలమైన గ్రీకు పదం మనసును అటూ ఇటూ లాగి నలిపే ఆందోళనను సూచిస్తుంది. ఫీజుకు డబ్బు దాచుకోవడాన్ని ఆ మాట కిందికి తేవడం సరికాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో అడిగినవాడు కూడా ఆ యేసు ప్రభువే. అయితే అక్కడ ఆయన చెబుతున్నది శిష్యరికానికి చెల్లించవలసిన వెల గురించి గనుక, ఆ వచనాన్ని మీరు మీ వారికి ఎదురుగా ప్రయోగించవద్దని నా మనవి. భార్యాభర్తలు వచనానికి వచనం బదులు చెప్పుకునే ఇళ్ళను నేను చాలా చూశాను. ఆ ఇళ్ళలో బైబిలు ఎక్కువగా వినిపిస్తుంది గాని, ఒకరి మాట ఒకరికి వినిపించదు.

అనుకున్నదానిని మార్చుకోవచ్చునా అన్నది మీ ఇంట్లో అసలు తగవు కాదని నాకు అనిపిస్తున్నది. మార్చుకోవచ్చు. పౌలు కొరింథువారికి రాసిన మొదటి పత్రికలో, పెంతెకొస్తు వరకు ఎఫెసులో ఉండి, మాసిదోనియ మీదుగా వచ్చి, బహుశా శీతాకాలం మీ దగ్గరే గడుపుతానని, ప్రభువు సెలవైతే అన్న మాట కూడా జోడించి చెప్పాడు. తరువాత ఆయన రాకపోకల ఆలోచన మారింది, కొరింథులో కొందరు నొచ్చుకున్నారు, ఆయనను నిలకడలేనివాడన్నట్లు చూశారు. దేవుని చిత్తం అలా ఉన్నది అని ఒక్క ముక్కలో తేల్చివేయగలిగిన అపొస్తలుడు ఆ పని చేయలేదు. మిమ్మును బాధపెట్టకూడదనే రాలేదని, దేవునినే సాక్షిగా పెట్టి, రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో ఓపికగా సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆలోచన మారినప్పుడు, ఆ మార్పు ఎవరి మీద పడుతుందో వారికి జవాబు చెప్పవలసి ఉంటుందని ఆయనకు తెలుసు.

మంచి సమరయుని ఉపమానాన్ని కూడా ఈ కోణంలో చూడండి. అతడు దారిలో ఆగాడు, అనుకోని పని నెత్తిన వేసుకున్నాడు. అయితే గాయాలకు పోసిన నూనె, ద్రాక్షారసం అతనివి, గాయపడినవానిని ఎక్కించిన వాహనం అతనిది, మరునాడు పూటకూళ్లవానికి ఇచ్చిన రెండు దేనారములు అతనివి. మీ వారి జాలి గుండె మెచ్చుకోదగినదే, ఆ మాట మీరు ఆయనతో మొదట చెప్పండి. “సొమ్మొకడిది సోకొకడిది” అన్న సామెతను ఇక్కడ వాడను, ఎందుకంటే ఆయన సోకు చేసుకోలేదు. కాని ఆ ఉపకారం ఖరీదు ఆయన జేబులోనుంచి పోలేదు. ఆ డబ్బు అమ్మాయి చదువుది, దాన్ని మళ్ళీ కూడబెట్టే పని మీ మీద పడింది, మిమ్మల్ని గాని అమ్మాయిని గాని ఎవరూ అడగలేదు. మీ కోపం అక్కడినుంచి వచ్చిందే గాని విశ్వాసలేమినుంచి కాదు.

ఇక మీ వైపు. రాయదుర్గంలో మెట్రో ఎక్కినవాడు మెట్టుగూడలో దిగి, ఆటో కోసం నిలబడి, తొమ్మిది దాటాక ఇల్లు చేరేసరికి ప్రార్థన ముగిసి, గిన్నెలు సర్దివేసి ఉంటే, ఆ ఇంటి సమయపట్టికలో తనకు చోటు లేదని అతనికి తోచడంలో ఆశ్చర్యమేమున్నది? ఎనిమిదిన్నర అన్న గడియ ఏ సువార్తలోనూ లేదు. ప్రణాళికను లెక్కచేయని మనిషి అని మీరనుకుంటున్న ఆయన, ఆ ప్రణాళికలో తాను లేనివాడినని ఎన్నాళ్ళుగా అనుకుంటున్నారో అడిగి చూడండి.

లేవీయకాండము 19వ అధ్యాయం పొలం ఓరలను పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగెను ఏరుకోవద్దని, వాటిని బీదలకు, పరదేశులకు వదలమని చెబుతుంది. మోయాబునుండి వచ్చిన రూతు బోయజు పొలంలో ఏరుకున్నది అలాంటి పరిగెనే. లెక్క తెలిసిన రైతు చేసే పని అది. పంటలో తనది కానిదెంతో కోతకు ముందే తెలుసుకొని వదులుతాడు. మీ పట్టికలో ఓరలు లేవు. ప్రతి నెలా ఇద్దరూ ఒప్పుకున్న కొంత మొత్తాన్ని విడిగా ఉంచండి. దానిలోనుంచి మీ వారు మిమ్మల్ని అడగకుండా ఎవరికైనా ఇవ్వవచ్చు, అది దాటితే మాత్రం ఇచ్చేముందు ఫోన్ చేయాలి. వారంలో రెండు సాయంత్రాలు ఏమీ రాయకుండా వదిలేయండి. ఆయన ఆలస్యంగా వచ్చే రోజుల్లో ప్రార్థన భోజనం తరువాత పది నిమిషాలే జరిగినా ఫరవాలేదు, పిల్లలు నిద్రమత్తులో ఆమేన్ అన్నా ఫరవాలేదు.

ఇచ్చిన డబ్బును ఆ రోగి కుటుంబాన్ని తిరిగి అడగవద్దు. చాలా ప్రైవేటు కళాశాలలు ఫీజును వాయిదాలలో తీసుకుంటాయి గనుక, కళాశాలకు వెళ్ళి మాట్లాడే పని మీ వారికి అప్పగించండి; అంతకంటే ముందు ఆయన అమ్మాయిని కూర్చోబెట్టుకొని, నీ డబ్బు తీశాను, నిన్ను అడగవలసింది అని తానే చెప్పాలి. స్త్రీల సహవాసంలో దీనిని ప్రార్థన అవసరతగా పెట్టకండి. మన సంఘాలలో ఆ పేరుతో బయటికి వెళ్ళిన ఇంటి మాట ఆదివారం ఆరాధనలోపే అందరికీ తెలిసిపోతుంది.

రాత్రి అలిసి వచ్చిన మనిషిని గుమ్మంలోనే అడగకుండా, శనివారం మధ్యాహ్నం తీరికగా ఈ మాటలు ఎత్తండి. ఆయన మళ్ళీ మత్తయి 6 చెబితే కాదనవద్దు. ఆ తరువాత 2 కొరింథీయుల మొదటి అధ్యాయం తీసి ఇవ్వండి. మీరు చదివి వినిపించకండి, ఆయననే చదవమనండి.