అగ్నిపర్వతం ఎక్కబోతున్న అమ్మలుకి

మైలాపూర్, చెన్నై

అమ్మలూ,

మొన్న ఆదివారం భోజనాల దగ్గర నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "లావా మెల్లగానే వస్తుంది కదా పెదనాన్నా, కనిపిస్తే దిగి వచ్చేస్తాం" అన్నావు. నలుగురిలో నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇష్టంలేక ఊరుకున్నాను. కానీ ముప్పై ఏళ్ళు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇది చెప్పకుండా నిన్ను ఇండోనేషియాలోని జావాకి పంపితే నాకు నిద్ర పట్టదు.

లావా వల్ల చనిపోయేవాళ్ళు తక్కువ. నువ్వు భయపడాల్సింది దాన్ని పైకి తోసే ఆవిరికి, వాయువులకి. మీ పెద్దమ్మ అరిసెలకి పాకం పట్టడం చూశావుగా. లేతపాకంలో బుడగలు సులువుగా పైకొచ్చి పోతాయి. ముదిరేకొద్దీ బుడగ బయటికి రాలేక ఉబ్బి, పేలి, చేతిమీద చిందుతుంది. హవాయిలో శిలాద్రవం లేతపాకం లాంటిది, పారుతుంది. ఇండోనేషియా కొండల్లో చాలావాటిలో ముదురుపాకం. లోపల చిక్కుకున్న వాయువు పేలినప్పుడు ద్రవమంతా పొడిపొడిగా ఎగిరిపోతుంది. దాన్నే బూడిద అంటాం కానీ అది పొయ్యిలో బూడిద కాదు, నూరిన రాయి, గాజు. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలితే, సెప్టెంబర్‌లో మన మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. అంత దూరం వచ్చింది ఆ దుమ్ము. వేడి బూడిద, వాయువు కలిసి వాలు వెంట దిగితే వందల డిగ్రీల వేడి, గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగం. కనిపించాక దిగి రావడానికి టైమే ఉండదు.

శిలాద్రవం పైకి రాకపోయినా ప్రమాదమే. కాగిన పెనం మీద నీళ్ళు పడ్డట్టు, కొండలోని నీరు వేడిరాతికి తగిలి ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. 2014 సెప్టెంబర్ 27న జపాన్‌లో ఒంటాకే అగ్నిపర్వతం అలాగే పేలింది. శనివారం, మధ్యాహ్నం కావస్తోంది, శిఖరం నిండా జనం. హెచ్చరిక స్థాయి అన్నిటికన్నా కింద ఉంది. చనిపోయినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిపి 63 మంది. అందుకని "నార్మల్" అని బోర్డు ఉన్నా బిలం, అంటే అగ్నిపర్వతం నోరు, అంచున గంటలకొద్దీ ఫొటోలు వద్దు. చూడు, వచ్చెయ్.

ఇండోనేషియాలో హెచ్చరికకి కింది నుంచి పైకి నాలుగు స్థాయిలు: నార్మల్, వాస్పదా, సియాగా, అవాస్. నెల ముందు చూసి టికెట్లు కొనడం కాదు, ఎక్కే రోజు పొద్దున చూడాలి. సుమత్రాలోని మరాపి అగ్నిపర్వతం 2023లో రెండో స్థాయిలోనే ఉండేది, బిలానికి 3 కిలోమీటర్ల లోపలికి వెళ్ళొద్దనీ చెప్పారు. అయినా ఎక్కారు. ఆ డిసెంబర్ 3న అది పేలి 24 మంది పోయారు. ఎక్కువమంది నీ ఈడు పిల్లలే. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. గైడ్ "పర్లేదు" అన్నా, ఇచ్చిన డబ్బు పోయినా, వద్దన్న గీత దాటకు. ఆ డబ్బు నేనిస్తాను.

జావాలోని ఇజెన్ అగ్నిపర్వతం సంగతి వేరే చెప్పాలి, అక్కడ నేనే దెబ్బతిన్నాను. గంధకం వాయువు మండే నీలిమంట చూద్దామని తెల్లవారుజామున బిలంలోకి దిగాను. ఉన్నట్టుండి గాలి తిరిగి గంధకం పొగ మీద పడింది. కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి అందలేదు. గంధకం మోసే కూలీ ఒకతను గంప దించి, నా చెయ్యి పట్టుకుని గాలికి ఎదురుగా లాక్కెళ్ళాడు. లేకపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు. ఎన్95 మాస్క్ బూడిదని ఆపుతుంది, ఈ వాయువుని ఆపదు. దానికి ఫిల్టర్ డబ్బాలున్న మాస్క్ కావాలి. పల్లాల్లో కూర్చుని అలసట తీర్చుకోకు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు, అక్కడే పేరుకుంటుంది, వాసన కూడా రాదు. కాంటాక్ట్ లెన్స్ మానేసి కళ్ళజోడు పెట్టుకో.

వాన మొదలైతే వాగుల దగ్గర నిలబడొద్దు. పాత బూడిద బురదై, బండరాళ్ళని దొర్లించుకుంటూ వస్తుంది. దాన్ని లాహార్ అంటారు, ఆ మాట జావావాళ్ళదే. 1985లో కొలంబియాలో అర్మెరో ఊరు ఊరంతా అలాంటి బురద కింద పడి 20 వేలమందికి పైగా పోయారు.

శనివారం సాయంత్రం ఇంటికి రా. మాస్క్ తెప్పించి ఉంచాను, నీ ముఖానికి సరిపోతుందో లేదో పెట్టి చూడాలి. నీ స్నేహితులనీ తీసుకురా, వాళ్ళకీ చెప్తాను.

పెదనాన్న