దారిలో గమ్యం మార్చాలంటే కంట్రోలర్‌కి ఏం చెప్పాలి?

అమెరికాలో డల్లాస్ నుంచి ఆస్టిన్‌కి మీ విమానాన్ని వీఎఫ్ఆర్‌లో (బయటికి కళ్లతో చూస్తూ నడిపే నియమాల్లో) నడుపుతుంటే ముందు మబ్బులు కిందికి దిగాయి. దారిలో ఉన్న వేకోలో దిగుదామనుకుని, రేడియోలో ఎలా అడగాలో తెలియక వెనక్కి వచ్చేశారు, అంతేగా? వెనక్కి రావడం తప్పేం కాదు లెండి.

అయితే అసలు ఇక్కడ అడగాల్సిందేమీ లేదండీ. ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (కంట్రోలర్ రాడార్‌లో మిమ్మల్ని గమనిస్తూ ఉండే సేవలో) ఉన్నప్పుడు ఎక్కడ దిగాలన్నది మీ ఇష్టం, కంట్రోలర్‌కి తెలియజేస్తే చాలు. ముందు విమానం సంగతి, ఎత్తు చూసుకోండి, ఆ తర్వాతే మైకు. కాల్ సైన్ (రేడియోలో మీ విమానం పేరు) చెప్పి "చేంజింగ్ డెస్టినేషన్ టు వేకో, డ్యూ టు వెదర్" అంటే సరి. వాళ్లు హెడింగ్ (వెళ్లాల్సిన దిశ) ఏదైనా ఇచ్చి ఉంటే మాత్రం తిరగకముందే చెప్పాలి.

తిరకాసంతా ఇంకోచోట ఉంది. మీరు వీఎఫ్ఆర్ ఫ్లైట్ ప్లాన్ వేసి ఉంటే దాన్ని చూసుకునేది ఈ కంట్రోలర్ కాదు, ఫ్లైట్ సర్వీస్ అనే వేరే విభాగం. వాళ్లకి విడిగా చెప్పాలి. లేదంటే ఆస్టిన్ చేరాల్సిన టైమ్ దాటిన 30 నిమిషాలకి మీ కోసం వాకబు మొదలవుతుంది. మీరేమో వేకోలో తీరిగ్గా కాఫీ తాగుతుంటారు! దిగగానే 1-800-992-7433కి ఫోన్ చేసి ప్లాన్ క్లోజ్ చేసినా సరిపోతుంది.

ఐఎఫ్ఆర్‌లో (పరికరాల ఆధారంగా నడిపే నియమాల్లో) ఈ స్వేచ్ఛ లేదు. ఎమర్జెన్సీ అయితే తప్ప, కంట్రోలర్ నుంచి కొత్త క్లియరెన్స్ (అనుమతి) వచ్చాకే దారి మార్చాలి.