595 దొరుకుతుంది, 181 దొరకదు

ప్రశ్న: 74హెచ్‌సి595 చిప్ (ఒక్కో బిట్టుగా వచ్చే డేటాను ఎనిమిది పిన్నులకు పంచే షిఫ్ట్ రిజిస్టర్) ఏ షాపులో అడిగినా ఇస్తున్నారు. 74ఎల్‌ఎస్181 మాత్రం లేదంటున్నారు. ఎందుకిలా?

జవాబు: వాడకమే కారణం. 595ని ఎల్‌ఈడీ బోర్డుల్లో నేటికీ వేస్తున్నారు. 181 నాలుగు బిట్ల ఏఎల్‌యూ, అంటే కూడిక, తీసివేత, లాజిక్ పనులు చేసే చిప్. 1970ల మినీ కంప్యూటర్లు చాలావాటిలో లెక్కలు చేసింది అదే. ఆ పని మైక్రోప్రాసెసర్ లోపలికి వెళ్లాక కొనేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు వచ్చేవి చాలావరకు పాత స్టాకు, లేదా బోర్డుల నుంచి పీకినవి. నంబరు మార్చి అచ్చేసినవీ ఉంటాయి. అసిటోన్‌తో తుడిచినప్పుడు పాత నంబరును కప్పిన నల్లరంగు ఊడితే తిప్పి పంపేయండి.

కూడిక, తీసివేత చాలనుకుంటే 181 కోసం తిరగొద్దు. 74హెచ్‌సి283 (నాలుగు బిట్ల సంఖ్యలను కూడే చిప్) ఒకటి, 74హెచ్‌సి86 (నాలుగు ఎక్స్‌ఓఆర్ గేట్లున్న చిప్) ఒకటి తీసుకోండి. మొదటి సంఖ్యను నేరుగా 283 ఎ ఇన్‌పుట్లకు ఇచ్చి, రెండో సంఖ్య (బి) బిట్లు నాలుగూ 86 గేట్ల గుండా 283 బి ఇన్‌పుట్లకు పంపి, ఆ గేట్ల రెండో ఇన్‌పుట్లన్నీ కలిపి 283లో 7వ పిన్నుకు, అంటే క్యారీ ఇన్‌కు, కట్టండి. ఆ తీగ 0 అయితే కూడిక, 1 అయితే తీసివేత. వీటికి సిగ్నల్ ఇచ్చేది ఎల్‌ఎస్ చిప్ అయితే హెచ్‌సి బదులు హెచ్‌సిటి రకమే కొనండి: 5 వోల్టుల సప్లైలో 1 పంపేటప్పుడు ఎల్‌ఎస్ 2.7 వోల్టులకే హామీ ఇస్తుంది, దాన్ని 1గా గుర్తించడానికి హెచ్‌సికి సుమారు 3.5 కావాలి.